పసుపు గీత మాది కాదు

నా సంగతి ఎప్పుడో రాయవలసింది. రాయలేకపోయాను, ఎందుకంటే నాకు అక్షరాలు వచ్చేవి కావు. యాభై రెండేళ్లు వచ్చేదాకా రాలేదు.

బడి మా ఊళ్లోనే ఉండేది. మా ఇంటి నుంచి నాలుగు ఇళ్ల అవతల. కానీ ఇంట్లో రెండు బర్రెలు ఉండేవి, వాటి వెంట పోవడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి నేనే. బాపు నన్ను బడికి పంపనన్నాడని చెప్పలేను. పంపే మాటే ఇంట్లో ఎప్పుడూ రాలేదు. అన్నలు పలకలు పట్టుకుని ఒక దిక్కు పోతే, నేను కట్టె పట్టుకుని ఇంకో దిక్కు పోయేదాన్ని.

మాది చర్చికి పోయే కుటుంబం. ఆదివారం అందరి చేతుల్లో పాటల పుస్తకం ఉంటుంది. నా చేతిలోనూ ఉండేది. పాటలన్నీ నోటికి వచ్చు, అందువల్ల ఇబ్బంది లేదు. చిక్కల్లా పేజీ ఎప్పుడు తిప్పాలన్నదే. దానికి నేను చెవులు రిక్కించి ఉండేదాన్ని. పక్క వరుసలో కాగితం చప్పుడు కాగానే నేనూ తిప్పేదాన్ని. పెళ్లయి వచ్చిన ఊళ్లోనూ అదే పని చేశాను. ప్రసంగంలో వాక్యం చూడమంటే పుస్తకం తెరిచి, ఏదో ఒక చోట కళ్లు పెట్టి, తల ఊపేదాన్ని. నలభై ఏళ్లు అట్లా ఊపాను. నాకు చదువు రాదని మా అత్తకే చాలా కాలం తెలియదు.

మా పాస్టరమ్మ పట్టుకుంది. పుస్తకంలో పేజీ చినిగిపోయిన చోట కూడా నేను కళ్లు పెట్టి పాడుతున్నానట. ఎవరికీ చెప్పలేదు ఆమె. పనులు లేని నెలల్లో మధ్యాహ్నం పూట చర్చి అరుగు మీద కూర్చోబెట్టి నేర్పింది. నేను మొదట చదివింది మా ఊరి పేరు. పాల కేంద్రం తలుపు మీద రాసి ఉండేది. పదేళ్లు దాని కింద నిలబడి పాలు పోశాను గాని, అది మా ఊరి పేరని అప్పుడే తెలిసింది.

పాల కేంద్రం గురించి చెప్పాలి. ఆదిలాబాదు జిల్లా బోథ్ చుట్టుపక్కల ఇరవై రెండు ఊళ్ల ఆడవాళ్లం కలిసి పెట్టుకున్న పాల కంపెనీ మాది. ఊరికో కేంద్రం. పొద్దున, సాయంత్రం పాలు పోస్తే వ్యాను వచ్చి క్యాన్లు ఎత్తుకుని బోథ్‌లో చల్లబరిచే చోటికి తీసుకుపోతుంది. కంపెనీ మొదలైనప్పుడు మాలో చదువు వచ్చినవాళ్లు నలుగురో అయిదుగురో. ఏ క్యాను ఏ ఊరిదో తెలియడానికి క్యాను మెడ చుట్టూ రంగు పట్టీ వేశారు. మా ఊరిది పసుపు. వాగు అవతలి ఊరిది ఆకుపచ్చ. కొన్ని ఊళ్లకు రెండు రంగులు. ఆ రంగులే మాకు ఊళ్ల పేర్లయిపోయాయి. ‘పసుపోళ్లు వచ్చిండ్రా’ అంటే మేము వచ్చామా అని. కొత్త కోడలు ఊళ్లోకి వస్తే ఆమెకు మొదట చెప్పేది కూడా అదే, మన క్యాను పసుపు అని.

నేను అక్షరాలు నేర్చుకున్న మరుసటి ఏడు మా ఊరివాళ్లు నన్ను డైరెక్టరును చేశారు. ఊరికొకరం చొప్పున ఇరవై ఇద్దరం. నెలకోసారి బోథ్ ఆఫీసులో కూర్చుంటాం.

ఆ ఏడు కరీంనగర్ నుంచి కొత్త మేనేజరు సారు వచ్చాడు. చెడ్డవాడని అనను. కష్టపడే మనిషే. వచ్చిన మూడు నెలలకు వ్యాను తిరిగే దారులు లెక్క చూసి, పాలు మరీ తక్కువ వచ్చే మూడు కేంద్రాలు మూసేయాలని చెప్పాడు. ఆ ఊళ్ల వాళ్లు పక్క ఊరికి తెచ్చి పోయాలి. ఏ మూడో మమ్మల్నే తేల్చమన్నాడు. అందుకోసం ఒక చార్టు తయారు చేయించి, ఆదిలాబాదులో పెద్ద ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి, గోడకు కట్టించాడు.

ఆ ఫ్లెక్సీ నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. మంచమంత వెడల్పు. పన్నెండు నెలల పాలు. ఊరికో రంగు గీత. ఇరవై రెండు గీతలు ఒకదాని మీంచి ఒకటి పోతూ, చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంది. ప్రతి గీత మీద ప్రతి నెల దగ్గర ఒక అంకె. అంకె తరువాత చుక్క, చుక్క తరువాత ఇంకో రెండు అంకెలు. గీతలు కలిసిన చోట అంకెలు కూడా కలిసిపోయి నల్లటి మచ్చలయ్యాయి. కుడి చివర ఊళ్ల పేర్లు. పైన పాలు ఎక్కువ పోసే ఊళ్లు దూరం దూరంగా ఉన్నాయి గనుక పేర్లు బాగానే కనబడ్డాయి. కింద, మాకు కావలసిన చోట, ఏడెనిమిది గీతలు ఒకే దగ్గర ముగిశాయి. అక్కడ ఒక పేరు ఒత్తు కింది పేరు గుడిలో దూరింది. దాని దీర్ఘం పక్క అంకెకు తగిలింది. గాలివానకు పడిపోయిన జొన్న చేను లాగా ఉంది.

సారు కట్టె పట్టుకుని నిలబడ్డాడు.

“పాలు మీవి, కంపెనీ మీది. ఏ మూడు ఊళ్లో నేను చెప్పుడు కాదు. మీరే చూసి చెప్పాలె.”

అందరం చూశాం. మా అధ్యక్షురాలు ముందు అంది, “అన్నిటికన్న కిందికి ఉన్నది పసుపు గీత.”

“పసుపంటే వీళ్లదే గదా,” అని వెనక నుంచి ఎవరో నా వైపు చూపించారు.

“ఏం వదినె,” అంది అధ్యక్షురాలు నవ్వుతూ, “మీ ఊరి బర్రెలు అలిగినయా?”

అందరూ నవ్వారు. నేను లేచి గోడ దగ్గరికి పోయాను. అద్దాలు సవరించుకున్నాను. పసుపు గీతను వేలితో పట్టుకుని చివరిదాకా పోయాను. అక్కడ మా ఊరి పేరు మొదటి అక్షరం వెతికాను. దొరకలేదు. ఒక అక్షరం సగం మా ఊరిది లాగే అనిపించింది, మిగతా సగం ఇంకో దాని కింద ఉంది. వెనక ఇరవై ఒక్క మంది. ఏడాదిగా నేర్చిన చదువు ఇంతే కాబోలు, పాస్టరమ్మ రాసే పెద్ద అక్షరాలైతే వస్తాయి, అసలైన కాగితం మీదివి రావు కాబోలు అనుకున్నాను.

“కనవడ్తుందా అమ్మా?” అన్నాడు సారు.

నేను తల ఊపాను.

సారు మా ఊరి పేరు రాసుకున్నాడు. తరువాత ఎర్ర గీత ఎర్ర పట్టీ ఊరిదని, నీలం గీత నీలం మీద తెల్ల పట్టీ ఉన్నవాళ్లదా కాదా అని కాసేపు వాదులాడుకుని, ఇంకో రెండు ఊళ్లు చెప్పారు. అవీ రాసుకున్నాడు. మా ఊరి ఆడవాళ్లు వాగు దాటి ఆకుపచ్చ పట్టీ ఊరికి పాలు తీసుకుపోవాలి. వానాకాలం ఆ వాగు నడుము దాకా వస్తుంది. ఒక్క బర్రె ఉన్న మనిషి రెండు లీటర్ల కోసం దాన్ని రెండు పూటలా దాటదు. పాలు అమ్మడమే మానేస్తుంది. అది నాకు తెలుసు. తెలిసి తల ఊపాను.

ఆ సాయంత్రం పాలు పోసే వేళ మావాళ్లకు చెప్పాను. క్యాను మూత చేతిలో పట్టుకునే మా పక్కింటి ఆమె నన్ను నిలదీసింది.

“మన పాలు తక్కువైనయా? పొద్దుగాల మూడు క్యాన్లు నిండి నాలుగోదాంట్ల సగం పోస్తున్నం. గదెట్ల తక్కువైతది?”

“చార్టుల అట్లనే ఉన్నది.”

“చార్టు పాలు పిండుతదా? నువ్వు చదివినవా దాన్ని?”

“చదివిన.”

“ఏం రాసున్నది మరి?”

ఆమె మూత క్యాను మీద పెట్టి గట్టిగా ఒత్తింది.

“ఏడాది సంది చర్చి అరుగు మీద కూసొని గిదేనా నేర్సుకున్నది? మాకు రాదు, మేం నోరు మూసుకుంటం. నీకొస్తదని పంపిస్తిమి.”

మిగతావాళ్లు గిన్నెలు ఎత్తుకుని పోయారు.

మరునాడు పొద్దున బస్సు పట్టుకుని మళ్లీ బోథ్ పోయాను. సారు ఇంకా రాలేదు. కంప్యూటరు చూసుకునే అమ్మాయి ఒక్కతే ఉంది. డిగ్రీ చదివిన పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి.

“ఏంది పెద్దమ్మా, ఇంత పొద్దుగాల?”

“గా చార్టుల మా ఊరి పేరు ఏడున్నదో చూపియ్యి బిడ్డా.”

ఆమె నవ్వుతూ లేచి ఫ్లెక్సీ దగ్గరికి వచ్చింది. “గిదే పెద్దమ్మా,” అని వేలు పెట్టింది. వేలు తీసింది. “కాదు కాదు. గిది.” వంగి చూసింది. “ఆగు.” ఇంకొంచెం వంగింది. ఆమె ముక్కు ఫ్లెక్సీకి తగిలేలా ఉంది.

నేను ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను. నాకు ఆ ముఖం తెలుసు. ఆదివారం ఆదివారం అది నా ముఖమే.

“నువ్వు చేసిన చార్టే గదా?”

“నేనే చేసిన. పేర్లు ఇంత దగ్గరికొస్తయనుకోలే. కంప్యూటర్ల పెద్దగ చేసి చూపిస్త, రా.”

కంప్యూటరులో పెద్దది చేసింది. అక్షరాలు పెద్దవయ్యాయి. వాటి మీద పడిన అక్షరాలు కూడా అంతే పెద్దవయ్యాయి. కుప్ప కుప్పలాగే ఉంది.

“మరి ఏ ఊరు పాలు ఎన్నో నువ్వెట్ల చూస్తవ్?”

“నేను చార్టు చూడ పెద్దమ్మా. నాకు పట్టిక ఉంటది గదా.”

నాకు కోపం ఎవరి మీద రావాలో తెలియలేదు. నిన్నంతా నా చదువు తక్కువని ఏడ్చాను. బస్సులో కూడా అదే బాధ. ఇక్కడ దాన్ని తయారు చేసిన మనిషికే అది కనబడడం లేదు.

“పసుపు గీత మాదేనా, గదన్న చెప్పు. మా క్యాన్లకు పసుపు పట్టీ ఉంటది.”

ఆమె నా వైపు వింతగా చూసింది. “క్యాన్ల రంగుతోని దీనికేం పని? గీ రంగులు నేను వెయ్యలే. ఎవ్వలు వెయ్యలే. కంప్యూటర్ దానంతట అదే వేసుకుంటది. పసుపు గీత వాగు అవతలి ఊరిది. మీది గీ ఊదా రంగు, నడుమల ఉన్నది.”

పట్టిక తీసి చూపింది. అక్కడ పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, మధ్యలో జాగా ఉంది. మా ఊరి పేరు నేనే చదివాను. ఒక్కసారికే వచ్చింది. కింద నుంచి పదమూడోది మాది. మూయవలసింది మా కేంద్రం కాదు. మా పాలు ఎక్కడికి తీసుకుపొమ్మన్నారో, ఆ ఊళ్లోనే అన్నిటికన్నా తక్కువ.

పదకొండుకు సారు వచ్చాడు. విషయం చెప్పాను. ఆయన నమ్మలేదు.

“అమ్మా, మీరే చెప్పిండ్రు, నేను రాసుకున్న. కనవడ్తుందా అని అడిగితే తల ఊపిండ్రు.”

“ఊపిన సార్.”

“చదవకుండనే?”

“మీరు చదివిండ్రా సార్?”

ఆయన ముఖం ముడుచుకుని ఫ్లెక్సీ దగ్గరికి పోయాడు. అద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు. కింది పేర్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఒక పేరు సగం చదివి ఆగాడు. తరువాత వెనక్కి తిరిగి, “పట్టికల ఉంది గదా, అది చూస్తే సరిపోతది,” అన్నాడు.

“మరి గీ ఫ్లెక్సీ ఎందుకు సార్?”

అమ్మాయి తల వంచుకుని నవ్వు ఆపుకుంది. సారు ఆమె వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు.

“సరే. మీ ఊరు కొట్టేసి గా ఊరు రాస్త. అయిపోయింది గదా.”

“మిగిలిన రెండు కూడ రంగు చూసే చెప్పిండ్రు సార్. అందరం క్యాన్ల రంగులే చూసినం.”

“గీ రంగుల ముచ్చట మొదలే చెప్పొద్దా?”

“మేం పేర్లు చదువుతున్నమని మీరనుకున్నరు. మేం మీరు మా రంగులే వేయించిండ్రనుకున్నం.”

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. వ్యాను వాళ్లకు ఉత్తరం మరునాడు మధ్యాహ్నానికి పోవాలట. నేను ఒక్కదాన్ని చెబితే పేర్లు మార్చలేడు, డైరెక్టర్లు మళ్లీ కూర్చోవాలి. మరునాడు పది గంటలకు రమ్మని అందరికీ ఫోను చేయిస్తానన్నాడు. అందరూ ఒప్పుకుంటే మారుస్తాడు, లేకపోతే మొదటి పేర్లతోనే ఉత్తరం పోతుంది.

“మళ్ల దీని ముందలనే కూసుంటే మళ్ల గదే అయితది సార్,” అన్నాను. “కొంచెం పలచన చెయ్యిండ్రి. పత్తి పెట్టినప్పుడు ఒక్క గుంతల రెండు మొక్కలు మొలిస్తే ఒకటి పీకేస్తం. రెండు మంచియే. రెండు ఉంచితే రెండు ఎదగయి.”

“ఏం పీకాలె?”

“గీ నెలలన్ని ఎందుకు? రోజుకు సుమారుగ ఎన్ని లీటర్లు, ఊరికి ఒక్క అంకె. చుక్క తర్వాతియి వద్దు. గీతలు పడుకోబెడితే సాలు లెక్క ఉంటది, సాలు మొదట్ల ఊరి పేరు. పేరు మీద పేరు పడదు.”

“నెలలు తీసేస్తే పై ఆఫీసుకు ఏం చూపిస్త?”

“పై ఆఫీసుకు గిదే చూపియ్యిండ్రి. మాకు మూడు ఊళ్లు తెలిస్తే చాలు.”

కొత్త ఫ్లెక్సీ ఆదిలాబాదు నుంచి రావడానికి రెండు రోజులు పడుతుందన్నాడు. ఆఫీసులో అచ్చు వేస్తే చేతి కాగితమంతే వస్తుంది, దాని చుట్టూ ఇరవై ఇద్దరం ఎట్లా చూస్తాం? అది తరువాత చూద్దాంలే అని ఫోను మాట్లాడుతూ బయటికి పోయాడు. అందరం చదువు రానివాళ్లమని ఆయనకు కోపమా, తాను చదవలేకపోయాడని కోపమా, నాకు అర్థం కాలేదు. నేను చెప్పిన మాట సరైనదే అయినా, పోయి బస్టాండులో కూర్చుంటే నాకు ఏడుపు వచ్చినంత పనైంది. రేపు మళ్లీ ఆ గోడ ముందు అందరూ తలలు ఊపుతారు. ఊపించే వస్తువు అక్కడ వేలాడుతూనే ఉంటుంది.

బస్సు రావడానికి ఇంకా టైము ఉంది. లేచి మళ్లీ ఆఫీసుకు పోయాను. అమ్మాయిని అడిగి ఇరవై రెండు పేర్లు, పక్కన ఒక్కొక్క అంకె, తక్కువ నుంచి ఎక్కువకు, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించుకున్నాను. ఊరికి పోయి పాస్టరమ్మ దగ్గర సుద్దముక్కల డబ్బా అడిగాను. ఎందుకని అడగకుండానే ఇచ్చింది.

మరునాడు పొద్దున పాల వ్యానులో, మా పసుపు క్యాన్ల పక్కన కూర్చుని బోథ్ పోయాను. ఆఫీసు వెనక క్యాన్లు కడిగే చోట పొడుగు సిమెంటు గోడ ఉంది. అక్కడ మొదలుపెట్టాను. అన్నిటికన్నా తక్కువది అన్నిటికన్నా కింద. ఎడమ పక్క పేరు, దాని నుంచి అడ్డంగా గీత, గీత చివర అంకె. ఇరవై లీటర్లకు ఒక జానెడు. కింది వరుసలు నేల మీద కూర్చుని రాశాను, నడిమివి నిలబడి, పైవి బోర్లించిన క్యాను మీద ఎక్కి. అన్నీ ఒకే తెల్ల రంగు. ఒక్కొక్క పేరుకు చాలాసేపు పట్టింది. మూడు సార్లు తుడిచి రాశాను. తొమ్మిదింటికి అమ్మాయి వచ్చి చూసింది.

“నేను రాస్త పెద్దమ్మా, జల్ది అయితది.”

“వద్దు బిడ్డా. నువ్వు కాగితం పట్టుకొని, నేను తప్పు రాస్తే చెప్పు.”

పదింటికి ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ రంగు అడగలేదు, అడగడానికి రంగు లేదు. చదువు వచ్చినవాళ్లు వాళ్ల వాళ్ల ఊరి దగ్గర చెయ్యి పెట్టారు. రానివాళ్లకు వాళ్లే చూపించారు. అధ్యక్షురాలు పై నుంచి చదువుకుంటూ కిందికి వచ్చింది. వచ్చి వచ్చి కింద నుంచి మూడో వరుస దగ్గర ఆగింది.

“అలిగింది మా బర్రెలన్నట్టు,” అంది. ఈసారి ఎవరూ పెద్దగా నవ్వలేదు. సారు వెనక నిలబడి, చేతిలోని కాగితం మీద మూడు పేర్లు కొట్టేసి, గోడ చూసి మూడు పేర్లు రాసుకున్నాడు. మా ఊరి పేరు అందులో లేదు.

వాగు అవతలి ఊరి డైరెక్టరమ్మ ఆఖరున వచ్చింది. ఆమెకు రెండో తరగతి దాకా చదువు ఉందంటారు. గోడ ముందు నిలబడి కింది వరుస వైపు చూసింది. ఇంక ఆమె ఊరి ఆడవాళ్లే వాగు దాటి మా ఊరికి రావాలి. నడుము దాకా నీళ్లు వాళ్లకు మాత్రం తక్కువ రావు. ఆమె తిరిగి నా వైపు చూసి, అర్థమైందన్నట్టు తల ఊపింది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని కింద కూర్చోబెట్టాను.

“తల ఊపకు చెల్లె,” అన్నాను. “వేలు పెట్టి చదువు. మీదో కాదో నువ్వు చెప్పు. చెప్పినంక, గా వాగు సంగతి సారును ఇద్దరం అడుగుదాం.”

ఆమె మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.